చుక్కల బావగారు

మా అక్క ఏ హోటల్లోనూ గదిలో అడుగుపెట్టగానే మంచం మీద కూర్చుని ఎరగదు. ఆరు గంటలు కారులో వచ్చి కాళ్లు లాగుతున్నా సరే, చేతిసంచీ భుజం మీదే ఉంచుకుని, గుమ్మం పక్కన గోడకి ఆనుకుని నిలబడుతుంది. లోపల బావగారు ఫోటోలు తీస్తుంటారు. నలగకముందు దుప్పటి, తడవకముందు బాత్రూము, మూత తియ్యకముందు కెటిలు, తీశాక కెటిలు. పరుపు ఎత్తి, టార్చిలైటు వేసి, నల్లుల జాడ వెతుకుతారు. ఆయన బయటికొచ్చి "ఊఁ, కానివ్వండి" అన్నాకే మాకు ప్రవేశం. గృహప్రవేశానికి ముందు ఆవుని పంపుతారు కదా, మా ఇంట్లో హోటలు గదిలోకి ముందు బావగారిని పంపుతాం.

ఆయన బ్యాంకులో పనిచేసి రిటైరయ్యారు. చివరి పదకొండేళ్లూ ఇన్‌స్పెక్షన్ విభాగం. ఫలానా బ్రాంచికి బయల్దేరారని తెలిస్తే అక్కడి మేనేజరుకి ముందు రోజు రాత్రి నిద్రపట్టేది కాదట. ఈ సంగతి బావగారే చెబుతారు, పండగ కబురు చెప్పినట్టు. రిటైరైన మర్నాటినుంచీ ఆయన వల్ల నిద్ర చెడినవాడు ఊళ్లో ఒక్కడూ లేకపోయాడు. ఇంట్లో పాలవాడి లెక్క తనిఖీ చెయ్యబోతే అక్క ఆ పుస్తకం తెచ్చి ఒళ్లో పడేసి, "చూసుకోండి. రేపట్నుంచి పాలు కాచడం కూడా మీరే చూసుకోండి" అంది. మూడు నెలలు పాపం దిక్కుతోచక తిరిగారు. నాలుగో నెలలో మా మేనల్లుడు కొత్త ఫోను కొనిచ్చి, వెళ్లిన చోటికల్లా గూగుల్‌లో చుక్కలు వెయ్యొచ్చని చూపించాడు. పిల్లాడు ఏదో సరదాకి చూపించాడు. అగ్గిపెట్టెతో ఆడుకోమని ఇచ్చినట్టయింది.

స్టార్ అనే మాటని నక్షత్రం అంటే జాతకం చెబుతున్నట్టుంటుంది. చుక్క అంటేనే బావగారికి సరిపోతుంది. చుక్కలు వెయ్యడం ఆయనకి తర్వాతొచ్చిన విద్య, చుక్కలు చూపించడం మొదట్నుంచీ వచ్చు.

ఆ చుక్కలతోనూ ఆయనకొక పేచీ ఉంది. గూగుల్‌వాడు ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు అంటాడు తప్ప మధ్యలో అర వెయ్యనివ్వడు. ఇది ఆడిటు ధర్మానికి విరుద్ధమని బావగారి వాదం. మూడు వేస్తే హోటలువాడికి అన్యాయం, నాలుగు వేస్తే దేశానికి అన్యాయం. చాలారోజులు ఆలోచించి ఒక ఉపాయం కనిపెట్టారు. మూడు చుక్కలు వేసి, కింద మొదటి వాక్యంగా "దీనిని మూడున్నరగా చదువుకోగలరు" అని రాస్తారు. ఆ తర్వాత ఇన్‌స్పెక్షన్ రిపోర్టు మొదలవుతుంది. రెండొందల అక్షరాలు దాటితే పాయింట్లు ఎక్కువ వస్తాయని గూగుల్‌వాడు ఆశపెట్టాడు గానీ, ఆ ఆశ అక్కర్లేదు. రెండొందల అక్షరాల్లో ఆయనింకా హోటలు గేటు దగ్గరే ఉంటారు.

అలా పాయింట్లు పోగేసి ఇప్పుడు లోకల్ గైడ్ ఏడో స్థాయికి చేరారు. ఏడో స్థాయికి ఐదువేల పాయింట్లు కావాలి. "ఆ పాయింట్లతో ఏమిస్తారండీ?" అని అక్క ఒకసారి అడిగింది. ఏమీ ఇవ్వరు. ఎనిమిదో స్థాయి ఇస్తారు, పదిహేనువేలు దాటితే. నెలనెలా ఒక ఉత్తరం మాత్రం వస్తుంది, మీ ఫోటోలు ఇంతమంది చూశారని. ఆయన గోదావరి మీద సూర్యాస్తమయం తీశారు, సాగర్‌లో లాంచీ మీంచి నాగార్జునకొండ తీశారు, భవానీ ద్వీపం నుంచి ప్రకాశం బ్యారేజీ దీపాలు తీశారు. వాటినెవరూ పట్టించుకోలేదు. అన్నిటికంటే ఎక్కువమంది చూసిన ఫోటో ఒక లాడ్జిలో పగిలిన ఫ్లష్ ట్యాంకుది. "జనానికి ఏది అవసరమో అదే చూస్తారు" అంటారాయన, ఏమాత్రం నొచ్చుకోకుండా.

టైర్ల కంపెనీ మిషెలిన్ తరఫున హోటళ్లలో తిని చుక్కలు సిఫారసు చేసేవాళ్లు తామెవరో బయటపెట్టరట. మామూలు మనుషుల్లా వచ్చి, తిని, బిల్లు కట్టి వెళ్లిపోతారట. ఈ పద్ధతి బావగారికి నచ్చదు. తాను వచ్చినట్టు తెలియకపోతే ఇన్‌స్పెక్టరు వచ్చి ఏం లాభం? రిసెప్షన్‌లో ఆధార్ కార్డు తీసేలోపే "నేను రివ్యూలు రాస్తుంటాన్లెండి" అని ఒక మాట గాల్లోకి వదుల్తారు. కుర్రాడు నవ్వి ఊరుకుంటే బోర్డు మీదికి చూపు వెళ్తుంది. "మూడు స్టార్లని రాసుకున్నారు, ఎవరిచ్చారు? కేంద్ర పర్యాటక శాఖ కమిటీ వచ్చి చూసిందా? సర్టిఫికెట్టు ఐదేళ్లకే కదా చెల్లేది, ఎప్పటిది?" సంచులు మోసుకొచ్చిన కుర్రాడికి ఈ కమిటీ సంగతి ఏం తెలుస్తుంది? వాడు భయపడి, నీళ్ల సీసా ఇంకొకటి ఇస్తాడు.

నీళ్లంటే గుర్తొచ్చింది. ఆయన సంచీలో టార్చి, కొలతల టేపు, నాలుగు సాకెట్ల ప్లగ్గు కాక ఇంకొక ఆయుధం కూడా ఉంటుంది. టీడీఎస్ మీటరు. పెన్నులా ఉంటుంది, నీళ్లలో ముంచితే అంకె చూపిస్తుంది. తాగేనీళ్లకి ఐదొందల లోపు ఉండాలని ప్రమాణం. ఒక రిసార్టులో రాగానే స్వాగతం పలుకుతూ కొబ్బరిబొండాలు కొట్టిచ్చారు. అలవాటు కొద్దీ బావగారు మీటరు అందులో ముంచారు. అంకె నాలుగు స్థానాలకి పోయి ఊగిసలాడింది. బావగారి ముఖం పాలిపోయింది. "ఎవరూ తాగకండి!" అని కేకేశారు. అప్పటికి నేను రెండోది తాగుతున్నాను. ఆ మీటరు లవణాలని కొలుస్తుందనీ, కొబ్బరినీళ్లలో ఉండేదే లవణాలనీ, అందుకే జబ్బుపడినవాడికి అవి పట్టిస్తారనీ మా మేనల్లుడు ఫోన్లో అరగంట చెప్పాక శాంతించారు. శాంతించి, చేతిలో బొండాం వంక అనుమానంగా చూస్తూ తాగారు. అప్పటికి వెచ్చబడింది. అర చుక్క తగ్గింది.

మనుషులు ఇలా ఎందుకు తయారవుతారని నేను చాలాసార్లు ఆలోచించాను. కొత్తగా ఫోన్లొచ్చి పాడైపోయారనే మాట నేనొప్పుకోను. నూట తొంభై ఏళ్ల కిందటే మనవాడు ఒకాయన ఈ పని చేశాడు. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830లో కాశీకి బయల్దేరి, మర్నాటి ఏడు తిరిగొచ్చాడు. దారిలో ఆగిన ప్రతి మజిలీ గురించీ రాసుకున్నాడు. నీళ్లు ఎలాంటివి, సరుకులు దొరుకుతాయా, దిగడానికి చోటుందా, దారి ఎలాంటిది అని. ఆ రాతలన్నీ కాశీయాత్ర చరిత్రగా 1838లో అచ్చయ్యాయి. చుక్కలొక్కటే వెయ్యలేదు. ఈ సంగతి చెప్పానని బావగారు ఎంత పొంగిపోయారంటే, ఆ పుస్తకం తెప్పించుకుని పెన్సిలుతో మజిలీ మజిలీకీ చుక్కలు వేసుకుంటూ చదివారు. ఆ ఉత్సాహం చూసి నేను నోరు జారాను. యూరప్ వెళ్లేవాళ్ల కోసం 1820లో మేరియానా స్టార్క్ అనే ఇంగ్లీషావిడ పుస్తకం రాసిందనీ, చూడదగ్గ చిత్రాల పక్కన చుక్కలకి బదులు ఆశ్చర్యార్థకాలు పెట్టిందనీ చెప్పాను. ఆ వారం నుంచీ "వేన్నీళ్లు రాలేదు!!!" అని మొదలుపెట్టారు. తప్పు నాదే.

అయితే బావగారి అసలు జబ్బు పుస్తకాల్లో దొరకదు, మన పెళ్లిళ్లలో దొరుకుతుంది. విడిదింట్లో దిగిన మగపెళ్లివారిని తల్చుకోండి. బకెట్టుకి పిడి లేదు. కాఫీ ఆలస్యమైంది. వచ్చిన కాఫీలో పంచదార ఎక్కువైంది. దిండ్లు పదహారన్నారు, పన్నెండే ఉన్నాయి. ఉప్మాలో జీడిపప్పు మా వరసకి రాలేదు. ఆడపెళ్లివారు చేతులు కట్టుకుని "ఇప్పుడే పంపిస్తామండీ" అంటూ పరిగెత్తడం. ఈ దేశంలో ఎవరైనా ఎవరినైనా అంత హక్కుగా విసుక్కున్న ఘట్టం ఇంకొకటి లేదు. మరి మా బావగారికి ఆ ముచ్చట తీరలేదు. పెళ్లి అన్నవరంలో చేశాం. కొండమీద సత్రం, సత్యనారాయణస్వామి వ్రతం, ఆకులో ప్రసాదం, సాయంత్రానికి రైలు. మగపెళ్లివారికీ ఆడపెళ్లివారికీ ఒకే పంపు. అప్పుడు రావలసిన విడిది మర్యాద బాకీ పడిపోయింది. ఆ బాకీని ఇప్పుడు వడ్డీతో సహా భారతదేశపు హోటళ్ల దగ్గర వసూలు చేసుకుంటున్నారని నా అనుమానం. కావాలంటే చూడండి, నీళ్ల ఒడ్డున హోటలైతే ఆయన మరీ రెచ్చిపోతారు. గదికి గోడలూ పంపులూ ఉంటాయి, వాటికి హోటలువాడు జవాబుదారీ. నదికి ఎవడు జవాబుదారీ? ఎవడూ కాదు గనక మేనేజరే.

అలెప్పీలో ఇదే జరిగింది. ఒకప్పుడు ధాన్యం మోసిన కెట్టువళ్లాలనే ఇప్పుడు హౌస్‌బోట్లు చేశారు. మేకు కొట్టకుండా చెక్కల్ని కొబ్బరిపీచు తాళ్లతో కుట్టి బిగించడం వాటి గొప్ప. పడవవాడు ఈ గొప్ప చెప్పడం పూర్తిచేశాడో లేదో బావగారు టార్చి వేసుకుని అడుగునుంచి పైదాకా వెతికి, "నిజమేనోయ్, ఒక్క మేకు కూడా లేదు" అని పెదవి విరిచారు. ఆ రాత్రి రాసిన రివ్యూలో భద్రత శీర్షిక కింద అదే మొదటి లోపం. సాయంత్రం ఐదున్నరకి పడవ గట్టున కట్టేశారు. రాత్రిపూట జాలరులు వలలు వేసుకుంటారు, వాటికి అడ్డం వెళ్లకూడదని అక్కడి పద్ధతి. బావగారు రసీదు తీసి, "ఇరవైరెండు గంటల పడవ ప్రయాణం అని ఉంది. కట్టేసిన పడవ ప్రయాణం ఎలా అవుతుంది?" అని అడిగారు. పడవవాడు ఏమీ అనలేదు. చిరునవ్వు నవ్వి కరిమీను వేపుడు ఇంకొక ముక్క వేశాడు. ఇంతకంటే మంచి జవాబు నేనెక్కడా వినలేదు.

కిందటి మార్గశిరంలో మళ్లీ ప్రయాణం. కోనసీమలో, వశిష్ఠ గోదావరి ఒడ్డున ఒక రిసార్టు. పేరు చెప్పను, మళ్లీ వెళ్లాలని ఉంది.

నది కనిపించే గది అద్దె రోజుకి 7,600 అన్నారు. బావగారు కుర్చీ లాక్కుని మేనేజరు ఎదుట కూర్చున్నారు. "చూడు బాబూ, 7,500 దాటితే జీఎస్టీ 18 శాతం. మొత్తం 8,968 కట్టాలి. అదే నువ్వు వంద తగ్గించావనుకో, 5 శాతమే. 7,875తో పోతుంది. నీకు నష్టం వంద, నాకు లాభం 1,093." మేనేజరు ముప్పై దాటని కుర్రాడు. ఆ లెక్క కాగితం మీద తాను కూడా వేసుకుని, "అమ్మబాబోయ్, ఇన్నాళ్లూ తట్టలేదండి" అని అద్దె 7,500 చేసి పారేశాడు. అది చూసి నేను, ఈసారి నాలుగు చుక్కలు ఖాయం అనుకున్నాను.

గదిలో మంచం మీద తువ్వాళ్లతో హంస చేసి పెట్టారు. మెడ వంచి, ముక్కు కింద మందారప్పువ్వు. అక్క "ఎంత ముద్దుగా ఉందో" అంటుండగానే బావగారు హంస మెడ పట్టి లాగారు. విప్పి చూస్తే రెండు తువ్వాళ్లు. ఉండాల్సినవి మూడు. "హంస వేషం వేసి ఒకటి ఎగ్గొట్టారు" అని రాసుకున్నారు. వేన్నీళ్ల పంపు తిప్పి వాచీ చూసుకున్నారు, నాలుగు నిమిషాల పది సెకన్లు. మంచం మీద పడుకుని తల ఎత్తకుండా చూస్తే కిటికీలో నది ఎంత కనబడుతుందో టేపుతో కొలిచారు. నాలుగు కొబ్బరిచెట్లు అడ్డం. "కోనసీమలో కొబ్బరిచెట్టు అడ్డం రాకుండా కిటికీ ఎక్కడ పెడతారు బావగారూ?" అన్నాను. "అది వాళ్లు ఆలోచించుకోవాలి" అన్నారు.

పొద్దున్నే రేవు మెట్ల దగ్గర నుంచి పెద్ద కేక. నిన్న సాయంత్రం ఐదో మెట్టు దాకా ఉన్న నీళ్లు ఇవాళ మూడో మెట్టుకి దిగిపోయాయట. సముద్రం అక్కడికి దగ్గర, అంతర్వేది దగ్గర వశిష్ఠ కలిసేది అందులోనే. ఆటుపోట్లకి నది పైకీ కిందకీ ఆడుతుంది. మేనేజరు పరిగెత్తుకొచ్చి, "రోజూ ఇంతేనండి. చంద్రుణ్ణి బట్టండి, మా చేతుల్లో లేదండి" అని చెబుతున్నాడు. బావగారు వినలేదు. "నది కనిపించే గది అని డబ్బు తీసుకున్నారు. రెండు మెట్ల నది తగ్గింది. ఆ మేరకి అద్దె తగ్గాలా వద్దా?" ఆ పూట ఆయన రాసిన ఫిర్యాదు చదివితే ముద్దాయి చంద్రుడని తేలుతుంది.

పలహారానికి పొట్టిక్కబుట్టలు పెట్టారు. పనసాకులని బుట్టల్లా కుట్టి, అందులో ఇడ్లీపిండి పోసి ఆవిరి మీద ఉడికిస్తారు. పనసాకు వాసన పట్టిన ఆ ఇడ్లీ మీద నెయ్యి, అల్లం పచ్చడి వేసుకుంటే మాట్లాడటానికి మనసొప్పదు. నేను నాలుగోదానికి వచ్చాను. పక్కన బావగారు మునివేళ్లతో చిన్న పుల్లముక్క పైకెత్తి, వెలుతురుకేసి పట్టుకుని చూస్తున్నారు. "ఇడ్లీలో పుల్ల!" ఫోటో తీశారు. అక్క తలెత్తకుండానే, "అది ఆకు కుట్టిన ఈనెపుల్లండీ. పుల్ల లేకపోతే బుట్ట నిలబడదు" అంది. ఆయన ఒక నిమిషం ఆలోచించి, "ఆ ముక్క మెనూలో రాయాలి కదా" అని ఆ పొట్టిక్కని పూర్తిగా తిని, ఇంకో మూడు తిన్నారు. రివ్యూలో మాత్రం పుల్ల ఉండిపోయింది.

ఒక్క సంగతి దాస్తే పాపం. మధ్యాహ్నం పడవ ఎక్కేముందు ఆయన లైఫ్ జాకెట్లు ఒక్కొక్కటీ తీసి, బకిల్ పెట్టి లాగి చూశారు. రెండు పనికిరానివి పక్కన పారేసి, వేరేవి తెప్పించి, అందరికీ కట్టించి, "ఫోటోకి బావుండదు" అని మూలిగిన కుర్రాళ్లకి కూడా కట్టించి, పట్టీలు స్వయంగా బిగించాకే కదలమన్నారు. పడవ అరగంట ఆలస్యమైంది. ఎవరో నవ్వారు. నేను నవ్వలేదు. 2019లో కచ్చులూరు దగ్గర పడవ మునిగాక గోదావరి మీద ఈ పనిని ఎగతాళి చేసే నోరు నాకు లేదు. ఈ ప్రయాణానికి ముందు ఏడాది ఒక చోట రేవు మెట్లకి పట్టుకోడానికి ఏమీ లేదని ఆయన మూడు చుక్కలు కోశారు. మళ్లీ వెళితే ఇనపకమ్మీ వేసి ఉంది. ఆయన కమ్మీని ఊపి చూసి, రంగు నచ్చలేదని చెప్పి, చుక్కలు తిరిగిచ్చేశారు. అసలు మాట చెప్పాలంటే, మా ఇంటిల్లిపాదీ నవ్వుతూనే ఎక్కడికి వెళ్లాలన్నా ముందు ఆయన రివ్యూ చదువుతాం. పుల్లలూ చంద్రుడూ తీసేస్తే మిగిలినదంతా నిజమే ఉంటుంది.

మూడో రోజు పదకొండింటికి గది ఖాళీ చెయ్యాలి. పది యాభైకి బావగారు కౌంటరు దగ్గర బిల్లు కూడికలు వేస్తున్నారు. మేనేజరు ఫోనొచ్చి అవతలికి వెళ్లాడు. గదులు చూసే కుర్రాడొక్కడే ఉన్నాడు. బల్ల మీద ఒక పొడుగాటి రిజిస్టరు తెరిచి ఉంది, గది నంబరూ ఎదురుగా పెన్సిలు రాతలూ. మళ్లీ వచ్చినప్పుడు గుర్తుండడానికి రాసుకుంటారు గాబోలు. బ్యాంకు ఇన్‌స్పెక్టరు ఎదుట రిజిస్టరు తెరిచిపెట్టి వెళ్లకూడదని ఆ పిల్లలకి ఎవరు చెబుతారు? బావగారు కళ్లజోడు సవరించుకుని తనవైపు తిప్పుకున్నారు. నేను భుజం మీంచి చూశాను.

"6 నెం. నీళ్ల మీటరు అయ్యగారు. వేన్నీళ్లు ముందే వదలాలి. హంస పెట్టొద్దు. తువ్వాళ్లు 3. ఏదైనా అడిగితే కాదనకుండా లెక్క అడగాలి, సంతోషిస్తారు. అమ్మగారు మంచివారు."

కుర్రాడు చూశాడు. ముఖంలో నెత్తురు లేదు. నేను కూడా కారు తాళాలు జేబులోంచి తీసి సిద్ధంగా పట్టుకున్నాను. బావగారు రెండుసార్లు చదివారు. రెండోసారి వేలు పెట్టి, అక్షరం అక్షరం చదివారు.

"ఏమోయ్, ఇందులో చుక్కలెక్కడ?" అన్నారు.

"చుక్కలు లేవండి, అయ్యగారండి" అన్నాడు వాడు.

"వేస్తే ఎన్ని వేస్తావు? భయపడకుండా చెప్పు."

వాడు నావంక చూశాడు. తలుపు దగ్గర నిలబడ్డ అక్క వంక చూశాడు. చాలాసేపు బుర్ర గోక్కున్నాడు.

"మూడండి."

"మూడా!"

వాడికి వంద రూపాయలిచ్చి, కారెక్కారు. చించినాడ వంతెన మీదికి వచ్చేదాకా మాట లేదు. కింద వశిష్ఠ నిండుగా ఉంది, పోటు మీదుంది. ఇటు చూడండి అని అక్క అంటే చూడలేదు. వంతెన దిగాక మొదలుపెట్టారు. జీఎస్టీ లెక్క చెప్పినందుకే ఒకటి రావాలి. జాకెట్లకి ఒకటి. బకెట్టు తిరగేసి పెట్టి వచ్చినందుకు, లైట్లు ఆర్పినందుకు, సమయానికి పది నిమిషాలు ముందే ఖాళీ చేసినందుకు. ఎలా కూడినా నాలుగుకి తగ్గదు. వాడికి కూడిక రాదు. పాలకొల్లు వచ్చేసింది.

"పోనీ, మూడున్నరగా చదువుకోండి బావగారూ" అన్నాను.